తడి తగలనీయరాదు

బొమ్మల వర్క్‌షాపు, మేడ మీది గది
మార్చి 6

తమ్ముడికి,

నువ్వు బాగున్నావా, నేను బాగున్నాను లాంటివన్నీ వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు నాకు ఒళ్ళు మండిపోతోంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఎవరివో ఫైళ్ళు తిరగేస్తుంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు చదువుతావు.

నిన్న రంగుల డబ్బాలు విడిపించుకోవడానికి స్టేషనుకి వెళ్ళాను. రెండో ప్లాట్‌ఫారం మీద కొత్తగా బొమ్మల కొట్టు పెట్టారు. అద్దంలో ముందు వరసలోనే మన పిచ్చుక కూర్చుని ఉంది.

నేను చేసే పిచ్చుక బొమ్మ అనుకునేవు. కాదు. ఆ కొట్టుకి నేను సరుకు వెయ్యలేదు. వేరే గౌను, వేరే జడలు, పెట్టె మీద ఎప్పుడూ వినని పేరు. మొహం మాత్రం అదే. ఆ కనుబొమలు, ఆ బుగ్గలు, స్టూలు మీంచి పడ్డప్పుడు గడ్డానికి తగిలిన గాటు కూడా. నా కూతురు పిచ్చుకని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కదలొద్దని నలభైసార్లు కసిరి, మట్టిలో దించిన మొహం అది. దాన్ని ఎవడో ఎత్తుకుపోయి గౌను మార్చి అమ్ముకుంటున్నాడు.

కొని తెచ్చి, జుట్టు ఎత్తి చూశాను. ఎడమ చెవి వెనక నెలవంక ఉంది. ప్రతి కొత్త మొహానికీ పచ్చిమట్టి మీద నేను బొటనవేలి గోరుతో నొక్కే గుర్తు నీకు తెలుసుగా. దొంగల కోసమే పెట్టిన గుర్తు. వాడికి తెలియక గుర్తుతో సహా దించేశాడు.

వీణ్ణి వదలొద్దు. బిడ్డ పోయిన ఎనిమిదేళ్ళకి నాకు మిగిలింది ఆ మొహమొక్కటే. అది కూడా ఇంకొకడు తనదంటే నేను ఊరుకోను. ఇన్నేళ్ళూ లోకంలో అందరి ట్రేడ్‌మార్కులూ చక్కబెట్టావు, ఇప్పుడు కాస్త అక్క పని చూడు.

అక్క

*

లాయరాఫీసు, మూడో అంతస్తు
మార్చి 13

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పక్క ఫైలు ఏదీ తిరగెయ్యలేదు. ఇకమీద కూడా ఈ సంగతి ఉత్తరాల్లోనే రాయి. రేపు ఎవరైనా అడిగితే తేదీతో సహా చూపించడానికి కాగితం ఉండాలి.

కోపం తెచ్చుకోకుండా చదువు. బొమ్మ చేసిన క్షణం నుంచే దాని మీద చేసినవాళ్ళకి కాపీరైట్ ఉంటుంది. దానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. కానీ ఆ మొహాన్నే అచ్చులో పోసి వందల కొద్దీ అమ్మితే అది వ్యాపార వస్తువు రూపం అవుతుంది. దానికి డిజైన్ రిజిస్ట్రేషన్ వేరే చేయించుకోవాలి. పేరుకి ట్రేడ్‌మార్కు ఇంకా వేరు. "పిచ్చుక" అన్న పేరు నేను అప్పుడే రిజిస్టర్ చేయించాను, దానికి ఢోకా లేదు. కానీ వీళ్ళు పేరు జోలికి రాలేదు, మొహం పట్టుకుపోయారు.

మొహానికి మనం రిజిస్ట్రేషన్ ఎందుకు చేయించలేదో గుర్తుందా? దరఖాస్తు పెట్టేనాటికి ఆ రూపం బయటివాళ్ళెవరూ చూసి ఉండకూడదు. నువ్వేమో పిల్ల అడిగిందని మొదటి బొమ్మని రంగు ఆరీ ఆరకముందే కింది వీధి కిటికీలో పెట్టావు. నేను కాగితాలు పట్టుకొచ్చేసరికి బడిపిల్లలంతా అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. చట్టం లెక్కలో ఆ పొద్దునే దాని కొత్తదనం పోయింది.

ఇక మిగిలింది నాన్న కవరు. కొత్త నమూనా గీసిన రోజే దాన్ని కవర్లో పెట్టి, లక్కసీలు వేసి, మన అడ్రసుకి మనమే పోస్టు చేసుకుని, తెరవకుండా ట్రంకులో దాచేవాడు కదా. కోర్టులు దానికి పెద్దగా విలువ ఇవ్వవని నేను చెబితే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా ఏమీ లేనిచోట పోస్టు ముద్ర మీది తేదీ కొంత ఆసరా. పిచ్చుక బొమ్మ కవరు వెతికి పంపు. తెరవకు.

రెండు బొమ్మలనీ పక్కపక్కన పెట్టి కొలిచి, పోలికలు రాసి పంపు. ఈలోగా నోటీసు తయారు చేస్తాను.

తమ్ముడు

*

వర్క్‌షాపు
మార్చి 21

ప్లీడరుగారికి,

కవరు లేదు. ట్రంకు మొత్తం బోర్లించాను. నాన్నవి, నావి కలిపి అరవై పైన ఉన్నాయి, పిచ్చుకది మాత్రం లేదు. తరవాత గుర్తొచ్చింది, అది అసలు తిరిగి రానేలేదు. కవరు తానే పోస్టు చేస్తానని పిల్ల పట్టుబట్టింది. అడ్రసు కూడా తానే రాస్తానంది. అక్షరాలు కొత్తగా వచ్చిన సంబరం. నా చేతులు మట్టిలో ఉన్నాయి, సరే పొమ్మన్నాను. వెళ్ళి డబ్బాలో వేసి గెంతుకుంటూ వచ్చింది. ఆ వారమే జ్వరం తగిలింది. ఆ తరవాత కవరు ఎవరికి కావాలి?

ఇక కొలతలు. ఇది నెమ్మదిగా చదువు.

మట్టి ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, బట్టీలో ఇంకాస్త ముడుచుకుంటుంది. నా బొమ్మ మీంచి అచ్చు తీసి ఇంకో బొమ్మ పోస్తే, అది నా బొమ్మకన్నా చిన్నదై తీరాలి. ఎంతటి పనిమంతుడు దొంగిలించినా దొంగబొమ్మ చిన్నదే. నాన్న దొంగల్ని పట్టింది ఆ లెక్కతోనే.

ఇది పెద్దది. దారం పెట్టి నాలుగుసార్లు కొలిచాను. నుదుటి నుంచి గడ్డానికి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. బుగ్గలు కాస్త కరిగాయి. నా బొమ్మ నవ్వితే ముందు పళ్ళు రెండూ కనిపిస్తాయి. దీనికి ఒకటి ఊడిపోయి, ఆ సందులో కొత్త పన్ను మొన పొడుచుకొస్తోంది.

పిచ్చుకకి పళ్ళు ఊడలేదురా. ఊడేదాకా అది ఉండలేదు.

చెవి వెనక గుర్తులో నా గోరు పెట్టి చూశాను. పట్టలేదు. అది చిన్న గోరు.

నోటీసు ఇంకా పంపకపోతే కాస్త ఆగు.

అక్క

*

లాయరాఫీసు
ఏప్రిల్ 18

అక్కకు,

నీ ఉత్తరం అందేసరికే నోటీసు వెళ్ళిపోయింది. జవాబు కూడా వచ్చింది. మంచి వార్త కాదు.

కంపెనీ నీకు తెలిసిందే. నీకు ప్లాస్టర్ సంచులు పంపేవాళ్ళే. వేరే పేరుతో బొమ్మలు కూడా చేస్తారట. ఇన్నాళ్ళూ ఓడల మీద బయటికి పంపేవారు, ఈ ఏడే ఇక్కడ కొట్లకి వెయ్యడం మొదలుపెట్టారు. ఆ మొహం తమదేనని, దానికి రిజిస్ట్రేషన్ ఉందని రాశారు. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముతున్నది నువ్వేనట, నీ పిచ్చుకే తమ బొమ్మకి నకలట. మూడు నెలల్లో అమ్మకాలు ఆపి, అచ్చులు పగలగొట్టి చూపించకపోతే కోర్టుకి ఈడుస్తామన్నారు. నవ్వు రావాలి గానీ, రిజిస్టర్లో పేరున్నది వాళ్ళది కాబట్టి నవ్వడానికి లేదు.

డిజైన్ల రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్ళి వాళ్ళ బొమ్మలు చూశాను. ఒకటి కాదు, ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా ఏడాదికొక కొత్త మొహం, ప్రతిసారీ ఒకే తేదీన దరఖాస్తు. ఆ తేదీ ఏమిటన్నది ఇప్పుడు అంత ముఖ్యం కాదు. మొదటిది నీ బొమ్మకి దగ్గరగా ఉంది. పోనుపోను దూరమైపోయింది. అందుకే ఇది నకలు కాదని అంత ధైర్యంగా అంటున్నారు.

పిల్ల ఫోటోలు గానీ, నువ్వు గీసిన కాగితాలు గానీ ఎవరికైనా ఇచ్చావా? గుర్తు తెచ్చుకో. ఒక్క మాట, ఇక ఆ బొమ్మలు కొనకు. ఇది లాయరుగా చెబుతున్నది కాదు.

తమ్ముడు

*

వర్క్‌షాపు
మే 2

తమ్ముడూ,

నువ్వు వద్దంటే కొనకుండా ఉంటానని ఎలా అనుకున్నావు? స్టేషను కొట్లో మూడు దొరికాయి, మిగతావి కొట్టువాడి చేత తెప్పించాను. ఎనిమిదీ ఇప్పుడు కిటికీ పక్క బల్ల మీద వరసగా ఉన్నాయి. ఎదురుగా కూర్చుని ఇది రాస్తున్నాను.

మొదటిదానికి ఏడేళ్ళు. రెండోదానికి పళ్ళన్నీ వచ్చేశాయి, వంకరగా, అచ్చం మీ బావ పళ్ళలా. నాలుగోదానికి బుగ్గలు పోయి దవడ తేలింది. అయిదోది నావైపు చూడదు. ఎటు తిప్పి పెట్టినా కళ్ళు పక్కకే ఉంటాయి, అమ్మ మీద అలిగిన పిల్లలా. ఎనిమిదోదానికి పధ్నాలుగు. నాన్నమ్మ ముక్కు వచ్చింది. ఆ ముక్కు దానికి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

గడ్డం మీద గాటు చూశావా? చర్మం సాగేకొద్దీ గాటు ఎలా పలచబడుతుందో అలాగే పలచబడుతూ వచ్చింది. ఊహించి ఎవరూ అంత బాగా చెయ్యలేరు. నేను చెయ్యలేను, నాకు చేతనయిన పని అదొక్కటే అయినా. చెవి వెనక గుర్తు కూడా ఏటేటా పెద్దదవుతోంది.

ఫోటోలు ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చినా ఆరేళ్ళ వరకే కదా ఉన్నాయి.

నాకు భయంగా ఉంది. దాంతోపాటు, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంగా కూడా ఉంది. పొద్దున్నే మెట్లెక్కుతుంటే ఎవరో ఎదురుచూస్తున్నట్టు గబగబా ఎక్కుతున్నాను.

ఆ తేదీ ఏమిటో చెప్పు. చిన్నప్పుడు కూడా నువ్వు ఏదైనా దాస్తే "అంత ముఖ్యం కాదు" అనేవాడివి.

అక్క

*

లాయరాఫీసు
మే 20

అక్కా,

ఆగస్టు పంతొమ్మిది. దాని పుట్టినరోజు. మొదటిరోజే చూశాను, రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న ఆ కంపెనీకి వెళ్ళాను. ఓనరు నేననుకున్నట్టు జగజ్జంత్రీ కాదు. అన్నిటి మీదా ప్లాస్టర్ పొడి పడ్డ ఆఫీసు గదిలో కూర్చుని, రెండుసార్లు నీళ్ళు తాగి, తలుపు వేసొచ్చి అప్పుడు నోరు విప్పాడు.

"మా దగ్గర ఆర్టిస్టు ఎవరూ లేరండీ. ఉన్నారని దరఖాస్తులో అబద్ధం రాశాను. ఏటా ఆ రోజున పోస్టులో వస్తుందండీ తల. తడిగుడ్డ చుట్టి, పచ్చిమట్టిది. అచ్చు తీసుకుని, ఇంకెవరైనా ముందు పడతారేమోనని అదే రోజు దరఖాస్తు పెట్టేస్తాను" అన్నాడు.

"ఎవరు పంపుతున్నారో కనుక్కోలేదా?" అన్నాను.

"పంపినవాళ్ళ పేరు ఉంటేగా! పోస్టు ముద్రలో తేదీ పడుతుంది, ఊరి పేరు ఉండాల్సినచోట ఏమీ ఉండదు. నాకూ పిల్లలున్నారండీ. వద్దనుకుంటూనే చేస్తూ వచ్చాను."

పార్సిళ్ళ మీది కాగితాలన్నీ దాచాడు. వరసగా పరిచి చూపించాడు. మొదటిదాని మీద అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరస కిందికి జారిపోతూ. ఏడాదికేడాది కుదురుకుంటూ వచ్చాయి. ప్రతిదాని మీదా కంపెనీ అడ్రసు, దాని కింద "నికర బరువు ఇరవై అయిదు కిలోలు. తడి తగలనీయరాదు." ప్లాస్టర్ సంచి మీద ఉన్నది ఉన్నట్టు. లోపల చూస్తే తడిమట్టి. మొదట్లో ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకున్నాడట.

వాటన్నిటికన్నా ముందు, ఎనిమిదేళ్ళ కిందటి ఫిబ్రవరిలో, ఒక కవరు వచ్చింది. లక్కసీలు వేసింది. దాని మీదా అదే అడ్రసు, అవే ఇరవై అయిదు కిలోలు. లోపల నువ్వు గీసిన పిచ్చుక మొహం. నాన్న కవరు అక్కడికి చేరిందక్కా.

ఇక లాయరుగా చెబుతున్నాను. మనం గెలుస్తాం. వాళ్ళ మొదటి దరఖాస్తుకి ఆరునెలల ముందే నీ చేత్తో గీసిన బొమ్మ వాళ్ళ చేతికి వచ్చిందనడానికి ముద్ర ఉంది. పైగా చేసినవాళ్ళ గురించి అబద్ధం రాశాడు. రిజిస్ట్రేషన్లు రద్దవుతాయి, అచ్చులు పగలగొట్టిస్తారు, నీ పిచ్చుక జోలికి ఇక ఎవరూ రారు. కేసు పడితే ఇకమీద ఆ పార్సిల్ ముట్టుకోనని, తిప్పి పంపేస్తానని ఓనరు అన్నాడు. ఎక్కడికి తిప్పి పంపుతాడో నేను అడగలేదు.

సంతకం పెట్టి పంపితే సోమవారం దాఖలు చేస్తాను. పెట్టమని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

తమ్ముడు

*

వర్క్‌షాపు
మే 27

తమ్ముడూ,

కాగితాలు సంతకం పెట్టకుండానే తిప్పి పంపుతున్నాను.

నేను పని చేసుకుంటుంటే అది సంచుల పక్కన పలక పట్టుకుని కూర్చునేది. చూసి రాయడానికి దానికి దొరికింది ఆ సంచులే. "ఇదేంటమ్మా" అంటే అడ్రసు అన్నాను. అడ్రసంటే అదేననుకుంది. కవరు మీద అదే రాసింది. ఏదైనా కొత్తది చేస్తే పోస్టు చెయ్యాలి, అప్పుడే అది మనదవుతుంది అని మనింట్లో అందరూ చెప్పారు దానికి. పాపం, చెప్పినట్టే చేస్తోంది.

మన ఇంటి అడ్రసు దానికి నేర్పలేదురా. ఇంట్లో ఉండే పిల్లకి ఇంటి అడ్రసు దేనికనుకున్నాను. ఎనిమిదేళ్ళుగా అది వాళ్ళకి పంపుతుంటే, నేను ఇక్కడ ఆరేళ్ళ మొహాన్నే పోసుకుంటూ కూర్చున్నాను.

కేసు వద్దు. వాళ్ళ రిజిస్ట్రేషన్లు వాళ్ళ దగ్గరే ఉండనీ, నా పిచ్చుక జోలికి రాకుండా ఒప్పందం రాయించు. వాళ్ళవి వాళ్ళు అమ్ముకోవచ్చు. కానీ ఎనిమిదింటికీ చేసినవాళ్ళ పేరు దిద్దించాలి. పిచ్చుక అని రాయించు. చేసినవాళ్ళు పోయాక కూడా హక్కు ఏళ్ళ తరబడి బతికే ఉంటుందని నువ్వే ఒకసారి చెప్పావు. పోయాక చేసినవాటి మాటేమిటని నన్ను అడగకు, నీ పుస్తకాల్లో వెతుక్కో.

సంచులు ఆనించే గోడ మీద నల్లరంగుతో మన అడ్రసు పెద్ద అక్షరాల్లో రాశాను. ముందు నడుము ఎత్తున రాశాను. తరవాత ఎనిమిదో బొమ్మని చూసి, తల అంతైతే మనిషి ఎంతుంటుందో కొలిచి, చెరిపేసి నా భుజం ఎత్తున రాశాను.

అక్క

*

లాయరాఫీసు
ఆగస్టు 22

అక్కా,

ఒప్పందం మీద ఓనరు మొన్న సంతకం పెట్టాడు. పేరు దిద్దే దరఖాస్తు కూడా వేశాను. గుమస్తా చదివి, పిచ్చుక అంటే ముద్దుపేరా, అసలు పేరా అని అడిగాడు. మా మేనకోడలు అన్నాను. ముద్ర కొట్టి రసీదు చేతికిచ్చాడు.

పంతొమ్మిదో తేదీ వెళ్ళిపోయింది. ఓనరు ఈ మూడు రోజుల్లో అయిదుసార్లు ఫోన్ చేశాడు. ఈసారి అక్కడికి ఏమీ రాలేదట. వచ్చినన్నాళ్ళూ భయపడ్డ మనిషి, రానందుకు ఏడ్చినంత పని చేశాడు.

అక్కా, నువ్వు నాలుగు రోజులుగా ఫోన్ తియ్యడం లేదు. నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?

తమ్ముడు

*

వర్క్‌షాపు
ఆగస్టు 24

తమ్ముడూ,

వచ్చింది. పంతొమ్మిదినే వచ్చింది. పోస్టుమాన్ "తడిగా ఉందమ్మా" అంటూ గుమ్మంలో పెట్టి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని వెళ్ళాడు.

మన అడ్రసు అక్షరం పొల్లుపోకుండా రాసింది. చక్కని దస్తూరీ. కింద అలవాటు కొద్దీ నికర బరువు ఇరవై అయిదు కిలోలు, తడి తగలనీయరాదు. అది చూసి పకపకా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

పదిహేనేళ్ళ పిల్ల కనిపిస్తుందని గుడ్డ విప్పాను. లోపల ఉన్నది పిచ్చుక కాదు. నేను. ఇప్పటి నన్ను కాదు. ఒక్క ముడతైనా లేదు, కళ్ళ కింద గుంటలు లేవు. జుట్టు ముడి జారి, చెంప మీద వేలితో తుడుచుకున్న మట్టి మరక. కసరబోయి నవ్వేసినప్పటి నోరు. దానికి జ్వరం రాకముందు నేను అలా ఉండేదాన్ని కాబోలు. నాకే గుర్తు లేదు. నేను దాన్ని ఆరేళ్ళ దగ్గర ఆపేస్తే, అది నన్నూ అక్కడే ఉంచుకుంది.

ఎడమ చెవి వెనక నెలవంకలో నా బొటనవేలి గోరు పెట్టి చూశాను. ఈసారి సరిగ్గా సరిపోయింది.

దీన్ని కిటికీలో పెట్టలేదు. తడిగుడ్డ కప్పి ఉంచాను, ఎవరికీ చూపించలేదు, నీకు కూడా ముందు దరఖాస్తు వేశాకే చూపిస్తాను. ఒక్క బొమ్మకి ఒక్కసారి చేసిన తప్పు చాలు. కాగితాలు వెంటనే పంపు. మొహం నాది, చేసింది అది, కాబట్టి చేసినవాళ్ళ పేరు దగ్గర పిచ్చుక అని రాయి. ఆ పక్కన చిరునామా అడిగే గడి ఒకటి ఉంటుంది కదా, అందులో మన ఇంటిదే రాయి.

అక్క